చీకట్లో బిగించిన పిస్తోలు

మార్చి 2, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. కోపమొస్తే ఎదుటి మనిషి మీద అరిచేస్తాను, తీరిపోతుంది. ఇవాళ అరవాల్సిన మనిషి అద్దం కిటికీకి అవతల కూర్చున్నాడు, నా వెనక పదిమంది వరసలో ఉన్నారు. మింగేసి వచ్చాను. మింగింది అరగడం లేదు. అందుకే ఈ నోటుపుస్తకం. షాపులో దీన్ని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకున్నా నా కోడిగీతలు వాళ్ళకి అర్థం కావు.

కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇళ్ళలో ఉన్న పాత ఆయుధాలన్నీ ఈ నెల ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదింటిలోగా ఆయుధాల ఆఫీసులో అప్పగించాలి. అప్పగించినవన్నీ కొలిమికి పోతాయి. ఫలానా ఆయుధానికి చరిత్ర ఉందని సైనిక మ్యూజియం వాళ్ళు రాసిస్తే మాత్రం వదిలేస్తారు. తాత పిస్తోలు డెబ్భై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఉంది. గొట్టంలో సీసం పోయించి, పనికిరాదని కాగితం కూడా పుట్టించుకున్నాం. అది ఎవర్ని కాలుస్తుందని వీళ్ళ భయం?

దరఖాస్తులో ఒక్కో భాగం మీదున్న నంబరు రాయమన్నారు. నిన్న షాపులో బల్ల మీద గుడ్డ పరిచి విప్పాను. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషన్లు విప్పుతున్న చేతికి పిస్తోలు ఓ లెక్కా? పిస్తోలుకి ఉండే పెద్ద నంబరులో చివరి మూడంకెలు చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటాయి, ఒకదాని సామాను ఇంకోదానికి పోకుండా. బాడీ మీద 417. పైన వెనక్కి జారే స్లయిడు మీద 417. గొట్టం మీద 462. తూటాని వెనక నుంచి పొడిచి పేల్చే పిన్ను మీదా 462.

కిటికీ గుమాస్తా ఆ నంబర్ల మీద వేలు పెట్టి నవ్వాడు. ఇది అతుకుల బొంతట. ఎక్కడెక్కడి తుక్కో కలిపి బిగించారట. దీనికి చరిత్రేమిటి, నెలాఖరుకి తెచ్చి పడేయండి అన్నాడు.

పడేయాలట. పడేస్తాను చూడు.

మార్చి 3

ఏమన్నారని అమ్మ అడిగింది. పరిశీలిస్తామన్నారని చెప్పాను. అమ్మ నా మొహం చూసి, "అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కోకు," అంది.

మార్చి 5

మ్యూజియంలో తడబడకుండా చెప్పాలని ఒకసారి వరసగా రాసుకుంటున్నాను.

అమ్మ తండ్రి, అంటే మా తాత, సైన్యంలో సార్జెంటు. మెషిన్‌గన్ నడిపేవాడు. అలాంటి వాళ్ళకి రైఫిలు బదులు పిస్తోలు ఇచ్చేవారట. వంతెన కాపలా పోస్టులో మొత్తం పదమూడు మంది. పిస్తోళ్ళున్నది ఇద్దరికే, కెప్టెన్‌కి, తాతకి. ఒక రాత్రి శత్రువు దాడి చేశాడు. మర్నాడు సాయం వెళ్ళేసరికి పన్నెండు శవాలున్నాయి, తాత లేడు. మూడో రోజున ఏటి దిగువన ఒక పల్లెలో దొరికాడు, పిస్తోలు నడుముకే ఉంది. ఎంక్వయిరీ ఒక్క పూటలో తేల్చేసింది. దాడి జరిగిన రోజు సాయంత్రం అయిదింటికి సరుకుల బండి వెనక్కి వెళ్తుంటే దాని వెంట పోస్టు వదిలి పారిపోయాడు, యుద్ధమే చూడలేదు, అని. కెప్టెన్‌కి విగ్రహం పెట్టారు. తాతని సైన్యంలోంచి గెంటేశారు. మిగిలిన బతుకంతా గొడుగులు బాగుచేసుకుని బతికాడు.

చచ్చేదాకా తాతది ఒకటే మాట. ఆ రాత్రంతా నేను కెప్టెన్ పక్కనే ఉన్నాను. నమ్మిన మనిషి అమ్మ ఒక్కతే. అప్పటికి అమ్మకి తొమ్మిదేళ్ళు. బడిలో వంతెన దినం నాడు పిల్లలంతా రెండు నిమిషాలు లేచి నిలబడాలి. అమ్మ కూర్చునే ఉంది. బెత్తం విరిగిందిగానీ అమ్మ లేవలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి, ఆ కథ చెప్తే ఇంకా కళ్ళు మెరుస్తాయి. నీకీ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందక్కా అని తమ్ముడు నన్నడుగుతాడు.

ఈ పిస్తోలు కూడా కొలిమిలో పడితే తాతకంటూ మిగిలేది ఆ ఎంక్వయిరీ కాగితం ఒక్కటే. అది నేను బతికుండగా జరగనివ్వను.

మార్చి 6, శుక్రవారం

మ్యూజియంకి వెళ్ళాను. పెద్ద హాలు, ఫినాయిలు వాసన. నడిమధ్యన అద్దాలపెట్టెలో కెప్టెన్ పిస్తోలు. నేను ఇంతవరకూ దాన్ని చూడలేదు. మా ఇంట్లో ఆ గడప తొక్కిన వాళ్ళు లేరు.

కింద చీటీలో పిస్తోలు నంబరు ఉంది. చివరి మూడంకెలు 462.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కాపలావాడు వచ్చి, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాడు.

మార్చి 7

అతుకుల బొంత కాదు. ఇది నాకు తెలిసిన తప్పే. నేను చేసిన తప్పే.

కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో ఒకే కంపెనీ మిషన్లు రెండు వచ్చాయి. ఒకటి వీధి చివర టైలరుది, ఇంకోటి పంతులమ్మది. పని తొందరలో రెండిటినీ విప్పి ఒకే కిరసనాయిలు పళ్ళెంలో వేశాను. బిగించేటప్పుడు టైలరు మిషన్లో కింది దారం పట్టే బాబిన్ కేసు పంతులమ్మ మిషన్లోకి పోయింది. రెండూ కుట్టాయి. నెల తర్వాత పంతులమ్మ వచ్చి, ఇది నా మిషన్ మాట్లాడినట్టు మాట్లాడటం లేదు అంది. అప్పట్నించీ ఒకటి బిగించాకే రెండోది విప్పుతాను.

రెండు పిస్తోళ్ళని ఒకే గుడ్డ మీద విప్పారు. 462 గొట్టం మా దాంట్లోకి వచ్చిందంటే 417 గొట్టం అందులోకి వెళ్ళి ఉండాలి. కెప్టెన్ పిస్తోలు విప్పితే తాత గొట్టం బయటపడుతుంది. నేను రాసిస్తాను.

మార్చి 9, సోమవారం

మ్యూజియం అధికారిని కలిశాను. ఆయనకి నేను అద్దాలాయన అని పేరు పెట్టుకున్నాను, కళ్ళకీ అద్దాలే, కాపలా కాసేదీ అద్దాలపెట్టెలకే. మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. విన్నాక, ఆ పిస్తోలు కెప్టెన్ చేతిలోంచి తీసింది తీసినట్టు ఉంది, ఇన్నేళ్ళలో ఎవరూ విప్పలేదు, పైగా జూన్‌లో కెప్టెన్ శతజయంతి, ఇప్పుడు దాని మీద స్క్రూడ్రైవరు పెడితే జనం ఊరుకుంటారా అన్నాడు.

దానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు, వేళ్ళతో ఊడుతుందని చెప్పాను. అది ఆయనకి నచ్చలేదు.

మార్చి 10

పిన్ను సంగతి పిన్నుది. నాకు గొట్టం చాలు.

మార్చి 12

తమ్ముడూ మరదలూ వచ్చారు. మ్యూజియంలో నేను చేసిన రభస వాడి ఆఫీసు దాకా పాకిందట. డెబ్భై ఏళ్ళనాటి సంగతి, ఎవరికీ గుర్తు లేదు, నువ్వే కెలికి అందరికీ గుర్తుచేస్తున్నావు అని ఒంటికాలి మీద లేచాడు. అమ్మకి గుర్తుంది కదరా అన్నాను. అమ్మ పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. విననట్టే ఉందిగానీ ఒకే చొక్కాని నాలుగుసార్లు మడిచింది.

మరదలు మంచిది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, విప్పించండి వదినా, చూద్దాం అని మెల్లిగా చెప్పి వెళ్ళింది.

మార్చి 14, శనివారం

ఆయుధాల మేస్త్రి ఇంటికి వెళ్ళాను. సైన్యంలో నలభై ఏళ్ళు తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. మ్యూజియంలో ఇనుప సామానుకి ఏడాదికోసారి పైపైన నూనె రాసేది ఈయనే. చేతులు వణుకుతాయి, కానీ పిస్తోలు అందించగానే వణుకు ఆగిపోయింది. నా ఎదురుగానే విప్పి, గొట్టం చూశాడు, పిన్ను చూశాడు.

తర్వాత చెప్పాడు. సిపాయికి తన నంబరంటే తన పేరు కంటే ఎక్కువట. తుపాకీ పోగొట్టుకున్నా, ఇంకొకరి దాంతో మార్చుకున్నా కోర్టే. తండ్రీ కొడుకులైనా సరే, ఎవరి నంబరు వాళ్ళదే. అందుకని రెండు తుపాకులు పక్కపక్కన పెట్టి విప్పడం ఉండదు. ఎప్పుడైనా విప్పాల్సొచ్చినా నంబరు చూసుకోకుండా బిగించరు.

"మరి ఇది ఎలా కలిసింది మేస్త్రీ?"

"నంబరు కనపడకపోతే కలుస్తుందమ్మా," అన్నాడు. "పగలు కలిసింది నేను ఒక్కటి కూడా చూడలేదు. ఇది చీకట్లో తడుముకుంటూ బిగించిన పిస్తోలు."

ఆ పోస్టు తనిఖీ రిజిస్టరు మ్యూజియంలోనే ఉందట. దాడి రోజు సాయంత్రం నాలుగింటికి రెండు పిస్తోళ్ళనీ తనిఖీ చేసి, భాగాల నంబర్లన్నీ సరి అని కెప్టెన్ సంతకం చేశాడు. ఆ రిజిస్టరు అయిదింటి సరుకుల బండిలో వెనక్కి వచ్చింది కాబట్టి మిగిలింది. నాలుగింటికి సరిగ్గా ఉన్నవి చీకట్లో కలిశాయి. తాత అయిదింటికే పారిపోతే చీకట్లో తాత పిస్తోలు అక్కడ ఎలా ఉంది?

రావయ్యా అద్దాలాయనా, దీనికి జవాబు చెప్పు.

లేచేటప్పుడు మేస్త్రి, పిన్ను కూడా మారింది గమనించారా అని అడిగాడు. గమనించానన్నాను. ఆయన ఇంకేదో అనబోతే చెప్పులు వేసుకున్నాను.

మార్చి 16

అద్దాలాయన బల్ల మీద కాగితం పెట్టాను. మీ పిస్తోలు లోపలి గొట్టం మీద 417 ఉంటుంది, లేకపోతే నా పిస్తోలు నేనే తీసుకెళ్ళి కొలిమిలో వేస్తాను, ఇట్లు, అని కింద సంతకం. ముట్టినట్టు ముద్ర వేసివ్వమన్నాను. ఇది చూడకుండా నెలాఖరు దాటించారంటే ఈ కాగితాన్నే మీ గేటు మీద అంటిస్తానని చెప్పాను. శతజయంతికి వచ్చేవాళ్ళంతా చదువుకుంటారు.

ముద్ర వేశాడు. కొంచెం గట్టిగానే వేశాడు.

మార్చి 17

ఫోను రాలేదు.

మార్చి 18

ఫోను రాలేదు. నేనే వెళ్ళాను. మీటింగులో ఉన్నాడట. మీటింగు అయ్యేదాకా హాల్లో కూర్చుని, అక్కడి బోర్డులన్నీ చదివాను. వంతెన మీద మొదటి తూటా పేలింది రాత్రి పది దాటాక అని కెప్టెన్ బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది. మూడు గంటలు కూర్చున్నాక శుక్రవారం రమ్మన్నారు.

మార్చి 20, శుక్రవారం

417.

మార్చి 21

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. మేస్త్రే విప్పాడు. అద్దాలాయన, ఇంకో ఇద్దరు అధికారులు, నేను. తెల్ల గుడ్డ, చేతులకి తొడుగులు, ఫొటోలు. గొట్టం బయటికి లాగి దీపం కిందికి తిప్పాడు. 417. అద్దాలాయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎన్నిసార్లు తుడిస్తే మాత్రం అంకె మారుతుందా?

మేస్త్రి అక్కడితో ఆగలేదు. పిన్ను కూడా తీశాడు. దాని మొన విరిగిపోయి ఉంది. నంబరు 417.

అంటే తాత పిస్తోల్లో పిన్ను విరిగింది. విరిగిన పిన్ను కెప్టెన్ దాంట్లోకి వెళ్ళింది, కెప్టెన్ దాంట్లో ఉన్న మంచి పిన్ను తాత దాంట్లోకి వచ్చింది. కెప్టెన్ చేతిలోంచి తీసిన పిస్తోలు పేలేది కాదు. పేలేదాన్ని తాత నడుముకి పెట్టుకుని పల్లెలో దొరికాడు.

అధికారుల్లో ఒకడు, అయితే సార్జెంటుగారు మంచిది తీసుకుని చెడ్డది ఇచ్చి వెళ్ళారన్నమాట అన్నాడు. ఇన్నాళ్ళూ నేను పక్కకి నెట్టిన మాట అదే. మొదటి రోజు ఆ పిన్ను మీద 462 చూసినప్పట్నించీ నా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

మేస్త్రి తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. తనిఖీలో బాగున్న పిన్ను ఊరికే విరగదు, కాల్చి కాల్చి వేడెక్కాక విరుగుతుంది. మీ బోర్డు ప్రకారం మొదటి తూటా పేలింది రాత్రి పది తర్వాత. కాబట్టి సార్జెంటు పది తర్వాత అక్కడ ఉన్నాడు, కాల్చాడు కూడా. మిగిలింది మీ ఊహ సార్, అన్నాడు.

నేను భయపడిన పిన్నే తాతని నిలబెట్టింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. కెప్టెనే ఇచ్చి ఉంటాడమ్మా, సాయం తెమ్మని పంపి ఉంటాడు, దారిలో పనికొస్తుందని మంచి పిన్ను పెట్టి ఉంటాడు, అంతే, అదే జరిగింది అన్నాను. అమ్మ నా తల నిమిరింది. అవుననలేదు.

మార్చి 24, మంగళవారం

అద్దాలాయన స్వయంగా మా షాపుకి వచ్చాడు. స్టూలు తుడిచి వేశాను. చాలా మెత్తగా మాట్లాడాడు.

ఆయన మాట ఇది. గొట్టాలూ పిన్నులూ వెనక్కి మార్చేసుకుందాం. 462వి అందులో, 417వి ఇందులో. కెప్టెన్ పిస్తోలుకి కెప్టెన్ గొట్టం వస్తుంది. మా పిస్తోలు కూడా నంబర్లన్నీ సరిపడి అసలైన చారిత్రక వస్తువు అవుతుంది, సర్టిఫికెట్ ఆయనే రాసిస్తాడు. సాయం కోసం కెప్టెన్ పంపగా ప్రాణాలకు తెగించి వెళ్ళిన సార్జెంటు అని పక్కన చీటీ పెడతారు. కెప్టెన్ పెద్ద మనసూ తెలుస్తుంది, తాతగారి గౌరవమూ దక్కుతుంది. విరిగిన పిన్ను సంగతి ఎవరికీ అక్కర్లేదు.

కలిసిపోయిన సామాను విడదీసి దేనిది దానికి పెట్టడమే నా వృత్తి. వినగానే చెయ్యి స్క్రూడ్రైవరు మీదికి వెళ్ళింది. తాతకి మ్యూజియంలో చోటు! ఆలోచించుకుని చెప్తానన్నాను. నా మొహం నాకే కనిపించి ఉంటే సిగ్గుపడేదాన్ని, అంత సంతోషం.

మార్చి 25

తమ్ముడు ఎగిరి గంతేశాడు. నేనూ వాడూ ఒక మాట మీద ఉండటం చిన్నప్పటి తర్వాత ఇదే మొదటిసారి.

మార్చి 26

అమ్మతో చెప్పాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మళ్ళీ చెప్పమని నేను అడగలేను.

"ఆయన్ని ఎవరూ పంపలేదే," అంది. "నాతో చెప్పాడు. నా పెళ్ళికి ముందు రోజు కూర్చోబెట్టి చెప్పాడు. కాల్చీ కాల్చీ పిన్ను విరిగిందట. కెప్టెన్‌కి అప్పటికే కుడిచెయ్యి పోయింది. నేనెలాగూ కాల్చలేను, నా పిన్ను తీసుకో అన్నాడట. పిస్తోలే ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వడు. ఎవరి నంబరు వాళ్ళ దగ్గరే ఉండాలి, చచ్చేముందు కూడా ఆయనకి రూలే. పిన్ను తియ్యాలంటే ముందు గొట్టం ఊడదియ్యాలట. చీకట్లో ఇద్దరూ మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని రెండూ విప్పారు. కెప్టెన్ ఒంటిచేత్తో పట్టుకున్నాడు, నాన్న బిగించాడు. గొట్టాలు మారాయని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు, నువ్వు చెప్పేదాకా."

తర్వాత ఏమైందని అడిగాను.

"తెల్లారింది. నలుగురే మిగిలారు. అవతలి గట్టు మీద వాళ్ళు మళ్ళీ లేచారు. కెప్టెన్ గోడకి ఆనుకుని ఉన్నాడు, ఊపిరి ఉంది. నీళ్ళు తెస్తానని చెప్పి కిందికి దిగాను, దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కలేదమ్మా అన్నాడు. పారిపోయాడు. తెల్లారాక పారిపోయాడు."

మార్చి 27

షాపు తెరవలేదు.

నలభై ఏళ్ళ వయసొచ్చేదాకా నాకు జోలపాటలా చెప్పింది. ఆ రాత్రంతా ఉన్నాడే, ఆ రాత్రంతా ఉన్నాడే అని. నేను బడిలో కొట్టుకున్నాను, వీధిలో కొట్టుకున్నాను, ఒకడి పన్ను కూడా ఊడగొట్టాను. అన్నీ పారిపోయినవాడి కోసమా?

మార్చి 28, శనివారం

అడిగేశాను. నాతో ఇన్నాళ్ళూ అబద్ధమెందుకు చెప్పావన్నాను. అమ్మ అలమార తుడుస్తోంది, గుడ్డ ఆపలేదు.

ఏ అబద్ధం చెప్పానని అడిగింది. రాత్రంతా ఉన్నాడని చెప్పాను, ఉన్నాడు. తెల్లారాక సంగతి నువ్వు ఎప్పుడూ అడగలేదు అంది.

నిజమే. తాత కూడా రాత్రంతా అనే అన్నాడు. నేనే వినాలనుకున్నంతవరకు విన్నాను. నా మీద నాకే మంటగా ఉంది.

మరి దేనికోసం ఇంత పోట్లాట అన్నాను. అప్పుడు గుడ్డ కింద పడేసి నా వైపు తిరిగింది. చేసిన తప్పుకి శిక్ష వేసి ఉంటే నోరెత్తేదాన్ని కాదు. వీళ్ళు వేసింది చెయ్యని తప్పుకి. యుద్ధమే చూడలేదని రాశారు. ఆ ఒక్క రాత్రి ఆయన మనిషిలా నిలబడ్డాడు, ఆ రాత్రిని కూడా లాక్కున్నారు. అది నాకు కావాలి. దాంతో పాటు ఆ తెల్లారిన పొద్దునీ మోస్తాను, మోస్తూనే ఉన్నాను కదా, అంది.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ అలమార తుడవడం పూర్తిచేసింది.

మార్చి 29

తమ్ముడితో చెప్పాం. వాడు మొహం రెండు చేతుల్లో దాచుకుని, వాళ్ళు గౌరవంగా రాస్తామంటుంటే మనం వెళ్ళి పారిపోయాడని రాయించడమేంటి అన్నాడు. ఆ మాటా సబబే. నిన్నటిదాకా నేనూ అదే అనేదాన్ని.

అయినా భాగాలు వెనక్కి మార్చను. అవి తప్పుగా బిగించి ఉండటమే తాత అక్కడున్నాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం. వాటిని సరిచేస్తే తాతని నేనే మళ్ళీ అయిదింటి బండి ఎక్కించినట్టు. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో మొదటిసారి ఒకటి బాగుచెయ్యనని చెప్పబోతున్నాను.

మార్చి 31, మంగళవారం

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరసగా రాస్తున్నాను.

పొద్దున తమ్ముడే బండి తెచ్చాడు. వద్దు వద్దంటూనే అమ్మకి చెయ్యి ఆసరా ఇచ్చి మెట్లెక్కించాడు. అద్దాలాయన గదిలో బల్ల మీద పనిముట్ల పళ్ళెం సిద్ధంగా ఉంది, మార్పిడికి. మేస్త్రిని కూడా పిలిపించాడు. సర్టిఫికెట్ టైపు చేసి ఉంది, కెప్టెన్ పంపగా వెళ్ళిన సార్జెంటు అని. సంతకం ఒక్కటే తక్కువ.

మార్చుకోము అన్నాను. ఉన్నది ఉన్నట్టు ఉంచి సర్టిఫికెట్ ఇవ్వండి, చరిత్ర మేం చెప్తాం, రాసుకోండి అన్నాను. అమ్మ చెప్పింది. నాతో చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించలేదు. ఊపిరి ఉన్న కెప్టెన్‌ని వదిలి దిగిపోయాడన్న మాట కూడా. మేస్త్రి తల వంచుకున్నాడు. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

అద్దాలాయన మర్యాద కాస్త పలచబడింది. కెప్టెన్ పనికిరాని పిస్తోలుతో చనిపోయాడని, వెంట ఉన్నవాడు వదిలేసి పోయాడని శతజయంతి ఏడాదిలో మ్యూజియం రాయదు అన్నాడు. మ్యూజియం షరతుకి ఒప్పుకుంటే సర్టిఫికెట్, లేకపోతే లేదు. ఆయుధాల ఆఫీసు అయిదింటిదాకా తెరిచే ఉంటుంది, మీ ఇష్టం అన్నాడు.

నా నోటి దాకా వచ్చిన తిట్లు ఇక్కడ కూడా రాయను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"బాబూ," అంది ఆయనతో, "ఆ ఆఫీసులో ఇచ్చేస్తే కరిగేది ఏమిటి?"

"పిస్తోలండీ."

"దాంట్లో గొట్టం ఎవరిది?"

ఆయన పళ్ళెంలో పనిముట్లు సర్దాడు.

"మీ కెప్టెన్‌ది. పిన్నూ ఆయనదే, ఆయన చేత్తో ఆయన ఇచ్చింది. మా నాన్న గొట్టం మీ అద్దాలపెట్టెలో భద్రంగా ఉంది, జూన్‌లో మీరంతా దానికే దణ్ణం పెడతారు. మాకు పోయేదేమీ లేదు." అమ్మ పిస్తోలుని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "పదవే. అయిదు దాకా ఎందుకు, ఇప్పుడే ఇచ్చేద్దాం."

నేను నిజంగానే లేచాను. అమ్మ బెదిరిస్తోందో, అన్నంత పని చేస్తుందో నాకూ తెలీలేదు. తలుపు దాకా వెళ్ళాం. ముందుగా అద్దాలాయన కాదు, తమ్ముడు మాట్లాడాడు. "సార్, మా అమ్మ ఇచ్చేస్తుంది. మీకు ఆవిడ సంగతి తెలీదు," అన్నాడు. వాణ్ణి అక్కడికక్కడే ముద్దుపెట్టుకోవాలనిపించింది.

మేస్త్రి నెమ్మదిగా, కెప్టెన్ గొట్టం కొలిమికి పంపారని రేపు పైవాళ్ళు అడిగితే నేనైతే జవాబు చెప్పలేను సార్ అన్నాడు. అద్దాలాయన టైపు చేసిన కాగితాన్ని చింపి, తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు.

పెన్ను రెండో వాక్యం దగ్గర ఆగింది. పోస్టు నుంచి తప్పుకున్నాడు అని రాయమంటారా అమ్మా, వినడానికి కాస్త బాగుంటుంది అని అడిగాడు. ఈసారి ఆయన గొంతులో లౌక్యం లేదు, నిజంగానే అమ్మ కోసం అడిగాడు.

"పారిపోయాడు అనే రాయండి," అంది అమ్మ. "అది రాస్తేనే ముందుది నమ్ముతారు."

రాశాడు. రెండు పిస్తోళ్ళ నంబర్లు, మారిన గొట్టాలు, విరిగిన పిన్ను, తనిఖీ వేళ, అన్నీ రాసి కింద ముద్ర వేశాడు. పాత ఎంక్వయిరీ ఫైలుకి కూడా ఒక ప్రతి పంపుతానన్నాడు. అమ్మకి కళ్ళు సరిగ్గా ఆనవు, పైకి చదవమంది. ఆయన లేచి నిలబడి, సభలో చదివినట్టు చదివాడు. సార్జెంటు ఆ రాత్రంతా వంతెన మీద కెప్టెన్ పక్కన ఉండి పోరాడాడు. తెల్లవారిన తర్వాత పారిపోయాడు.

అమ్మ చెయ్యి ఎత్తింది.

"రెండోది నాకు వచ్చు," అంది. "మొదటిది మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ చదివాడు.